పేరంటాల కనమ

మొన్న మా అమ్మాయి కథల పుస్తకంలో ఒక బొమ్మ చూపించింది. సరస్సు మధ్యలో లంక, దాని మీద చెక్కతో కట్టిన లైట్‌హౌస్. "మన కొల్లేట్లో కూడా ఉందా అమ్మా ఇలాంటిది?"

లేదన్నాను వంకాయలు తరుగుతూ. ఉన్న కాసిన్ని నీళ్లలో తిరిగే దోనెలకి లైట్‌హౌస్ దేనికి? దాని మొహం చిన్నబోయింది. "లైట్‌హౌస్ లేదు గానీ లంక మీద కోట ఉండేదట" అన్నాను.

నా పుట్టిల్లు ఏలూరు, మెట్టినిల్లు తాడేపల్లిగూడెం. ఫాల్గుణం వచ్చిందంటే రెండిళ్లలోనూ కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర మాటే. ఆ ఊరి పేరులోని కోట ఒరిస్సా రాజు లాంగూల గజపతిదని చెబుతారు. చుట్టూ ఉన్న నీళ్లే దానికి కాపలా. శత్రువుల దండు చిగురుకోటలో దిగింది గానీ కోటను చేరలేకపోయింది. దాంతో సరస్సునే ఖాళీ చేద్దామని సముద్రం దాకా కాలువ తవ్వించారట. అదే ఉప్పుటేరు. తవ్వకం నెరవేరాలని సేనాని కన్నకూతుర్నే బలిచ్చాడట. అందుకే ఆ కాలువకి పేరంటాల కనమ అని పేరు.

కథ సంగతి ఎలా ఉన్నా ఉప్పుటేరు మాత్రం నిజం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చి పోసే నీరంతా సముద్రానికి పోయే దారి అదొక్కటే. దాదాపు 60 కిలోమీటర్లు. అది పూడితే వానాకాలం లంక ఊళ్లకి కంటి మీద కునుకుండదు. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఇప్పటికీ తగువంతా ఐదో కాంటూరు గురించే, అంటే నీళ్లు ఎందాకా ఉండాలని. ఆ సేనాని తగువూ అదే కదా!

మా అమ్మాయికి ఇవేవీ పట్టలేదు. "ఆ అమ్మాయి పేరేంటి?" అంది.

చిన్నప్పట్నుంచీ వింటున్న కథ. రాజు పేరు తెలుసు, కోటల పేర్లు తెలుసు. ఆ పిల్ల పేరు అడగాలని నాకెప్పుడూ తోచలేదు. పెరట్లో ఉన్న మా అత్తయ్యగారిని అడిగాను.

"పేరంటాలమ్మే. ఇంకేం పేరు?" అన్నారావిడ.

"అది చచ్చిపోయాక పెట్టిన పేరు కదా నానమ్మా! అంతకుముందు వాళ్లమ్మ ఏమని పిలిచేది?"

అత్తయ్యగారు తులసికోట దగ్గరే కాసేపు నిలబడిపోయారు. తరవాత లోపలికొచ్చి, ఈసారి జాతరకి పిల్లని కూడా తీసుకెళదామన్నారు.