ఇంటి చీరల వ్యాపారం: ఖాతా ఎవరి చేతిలో ఉంది?

ఇంట్లో కూర్చుని ఫోను మీద చీరలు అమ్ముకునే ఆడవాళ్ళ గురించి రాసేవాళ్ళు కథను సాధారణంగా 2016లో మొదలుపెడతారు. ఆ ఏడాది ఏప్రిల్లో యూపీఐ, సెప్టెంబరులో జియో వచ్చాయి. డేటా చవకైంది, డబ్బు పంపడం తేలికైంది, దాంతో గృహిణులు వ్యాపారులయ్యారు అంటారు. ఆ తేదీలతో నాకు పేచీ లేదు, వాటి నుంచి తీసే నిర్ధారణతోనే పేచీ. తెలుగు ఊళ్ళలో ఇంటి హాల్లో చీరలు పరిచి అమ్మడం ఫోను కంటే చాలా పాతది. దానికి అప్పటికే సరుకు దారులున్నాయి, వాయిదాల పద్ధతి ఉంది, వసూలుకో మర్యాద ఉంది, ‘ఆవిడ ఇచ్చిందంటే ఫరవాలేదు’ అనుకుని కొనేవాళ్ళున్నారు. ఈ చివరిదే అసలు పెట్టుబడి. యాప్‌లు వచ్చి ఆ పెట్టుబడి మీదే తమ మార్కెట్టు కట్టుకున్నాయి, తర్వాత దాన్ని మెల్లగా ఆమె చేతిలోంచి తమ చేతిలోకి తీసుకున్నాయి. ఈ వ్యాపారం చరిత్రను ఇలా చదివితేనే ఇవాళ్టి లాభనష్టాలు అర్థమవుతాయని నా వాదన.

ఇంటింటికీ తిరిగి అమ్మేవాళ్ళు మనకు కొత్త కాదు. పూసలవాళ్ళు బుట్టల్లో సూదులు, దువ్వెనలు, పూసలు పెట్టుకుని వీధులు తిరిగారు; గాజులవాళ్ళు మలారం మోసుకొచ్చారు; నేతగాళ్ళు మూట భుజాన వేసుకుని తమ చీరలు తామే అమ్ముకున్నారు. వాళ్ళు బయటి నుంచి వచ్చి బేరమాడి వెళ్ళిపోయేవాళ్ళు. ఇంటి చీరల వ్యాపారి వచ్చాక ఈ వరస తిరగబడింది. అమ్మే మనిషి ఇంట్లోనే ఉంటుంది, కొనేవాళ్ళు ఆమె గడప తొక్కుతారు. రైల్వే క్వార్టర్లు, సింగరేణి కాలనీలు, బ్యాంకు ఉద్యోగుల వీధులు, అంటే నెల జీతం ఒక తేదీన వచ్చే ఇళ్ళు దగ్గర దగ్గరగా ఉన్న చోట్ల ఈ వ్యాపారం బాగా కుదురుకుంది. విజయవాడ వస్త్రలతలోనో, హైదరాబాద్ మదీనా, పత్తర్‌గట్టి దుకాణాల్లోనో హోల్‌సేల్ రేటుకు తెచ్చిన సూరత్ సిల్కులు ఒక పక్క. మంగళగిరి, వెంకటగిరి, గద్వాల, నారాయణపేట, పోచంపల్లి నుంచి వచ్చినవి ఇంకో పక్క. మధ్యాహ్నం పనులు తెమిలాక చాప మీద మడతలు విప్పుతారు. కొనే ఆవిడ అంచు పట్టుకుని లాగి చూస్తుంది, జరీ మీద గోరుతో గీస్తుంది, పోచంపల్లి అని చెబితే తిరగేసి వెనకవైపు చూస్తుంది. అసలైన ఇక్కత్‌లో నూలుకే ముందుగా రంగు అద్దుతారు కాబట్టి బొమ్మ రెండు వైపులా ఒకేలా కనబడుతుంది, అచ్చు వేసిన నకలైతే వెనక వెలవెలబోతుంది. చీర నచ్చాక నోటుపుస్తకం బయటికొస్తుంది. ఒక్కో పేరుకు ఒక్కో పేజీ: చీర రంగు, ధర, కింద నెలనెలా కట్టింది, ఇంకా ఉన్న బాకీ.

ఇదంతా కాలక్షేపమనీ, చేతిఖర్చుల కోసం చేసేదనీ, దీన్ని వ్యాపార చరిత్రలో చేర్చడం అతిశయోక్తి అనీ అనేవాళ్ళున్నారు. ఆ నోటుపుస్తకమే వాళ్ళకు జవాబు. మూడు నాలుగు వాయిదాల మీద చీర ఇవ్వడమంటే అప్పు ఇవ్వడం. బజారులో బట్టల కొట్టు ముఖం తెలియని ఇల్లాలికి ఆ అప్పు ఇవ్వదు. ఇంటి వ్యాపారి ఇచ్చింది, తాకట్టు లేకుండా, రాతపత్రం లేకుండా. ఎవరి ఇంట్లో జీతం ఆలస్యమవుతుందో, ఎవరి ఇంట్లో పెళ్ళి పెట్టుకున్నారో, ఎవరికి ఈ నెల గట్టిగా గుర్తు చేయకూడదో ఆమెకు తెలుసు. బ్యాంకులు కాగితాల మీద చేసే అంచనాను ఆమె పరిచయంతో చేసింది. ఎగ్గొడితే నష్టం ఆమెదే. గట్టిగా అడిగితే స్నేహం పోతుంది, ఆ నష్టమూ ఆమెదే. అమ్ముడుపోని చీరల మీద ఇరుక్కుపోయిన డబ్బు సంగతి వేరే చెప్పాలా? పెట్టుబడి చీటీ పాడగా వచ్చిందో, బంగారం కుదువ పెడితే వచ్చిందో అయ్యుండేది. 1992 నాటి దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత నెల్లూరు జిల్లాలో మొదలై రాష్ట్రమంతా వ్యాపించిన పొదుపు సంఘాలు, డ్వాక్రా రుణాలు చాలామందికి ఆ దారి కొంత సులువు చేశాయి. సంఘాల లెక్కలు ప్రభుత్వ దస్తరాల్లో ఉన్నాయి. ఆ రుణంతో తెచ్చిన చీరలు ఎవరెవరికి ఎన్ని వాయిదాల మీద వెళ్ళాయో రాసిన పుస్తకాలు మాత్రం పాత పేపర్లతో పాటు తూకానికి వెళ్ళాయి. రికార్డు దొరకనంత మాత్రాన ఆ వ్యాపారం చిన్నదని తీర్మానించడం న్యాయం కాదు.

దూరాన ఉన్నవాళ్ళకు అమ్మడం మరో కథ, అదీ పాతదే. మన తపాలా శాఖ 1877లోనే వి.పి.పి. పద్ధతి ప్రవేశపెట్టింది. పార్సిలు పోస్ట్‌మ్యాన్ తెస్తాడు, డబ్బు కట్టి విడిపించుకోవాలి, ఆ డబ్బు పంపినవాళ్ళకు చేరుతుంది. తెలుగు పత్రికల్లో మందులు, పుస్తకాల ప్రకటనల కింద వి.పి. ద్వారా పంపుతామన్న మాట తరతరాల పాఠకులు చూసిందే. కొన్నవాడు పార్సిలు వద్దంటే అది తిరుగు టపాలో వచ్చేస్తుంది, తపాలా ఖర్చు అమ్మినవాడి నెత్తిన పడుతుంది. 2010లో ఫ్లిప్‌కార్ట్ మొదలుపెట్టిన క్యాష్ ఆన్ డెలివరీని కొత్త ఆవిష్కరణలా పొగిడారు గానీ దాని ఎముకలగూడు వి.పి.పి.దే, దాని జబ్బూ అదే. ఇవాళ ఆన్‌లైన్ వ్యాపారులు ఆర్‌టీఓ (రిటర్న్ టు ఒరిజిన్) అని తల పట్టుకునేది ఆ తిరుగు టపా గురించే. ఇంటి చీరల వ్యాపారులు ఈ దారి పట్టకపోవడానికి కారణం ఊహించడం కష్టం కాదు. వి.పి.పి.కి పత్రికలో ప్రకటన కావాలి, పది పార్సిళ్ళు తిరిగొచ్చినా తట్టుకునే స్తోమత కావాలి. వాళ్ళ దగ్గర ఉన్నది పరిచయం. అది అప్పట్లో టపాలో వెళ్ళేది కాదు.

ఇంటర్నెట్ వచ్చిన తొలి రోజుల్లోనూ ఇదే జరిగింది. అమెరికాలో 1995లో పుట్టిన ఈబే, ఇంట్లో ఉన్న వస్తువును ఎవరికైనా వేలంలో అమ్మవచ్చని చూపింది. మన దేశంలో 2000లో బాజీ డాట్ కామ్ వచ్చింది, 2004లో ఈబే దాన్ని కొనేసింది. అపరిచితుల మధ్య నమ్మకం కోసం పైసాపే అనే ఏర్పాటు కూడా ఉండేది. ఫ్లిప్‌కార్ట్ చేతికి వెళ్ళాక 2018లో ఈబే ఇండియా మూతపడింది. నాణేలు, స్టాంపులు, పాత కెమెరాలు వెతుక్కునేవాళ్ళకు అది పనికొచ్చింది. ఇంటి చీరల వ్యాపారాన్ని అది కదిలించలేకపోయింది. ముక్కూ మొహం తెలియని వాడి నుంచి వేలంలో చీర కొనడం మన ఇళ్ళలో ఎవరికీ తట్టే పని కాదు.

వాట్సాప్‌తో మొదటిసారి పరిచయం టపాలో వెళ్ళడం మొదలైంది. 2016లో గ్రూపు పరిమితి 100 నుంచి 256కు పెరిగింది. కాలనీ దాటి, పెళ్ళయి వేరే ఊరు వెళ్ళిన చెల్లెళ్ళు, వాళ్ళ ఆడపడుచులు, ఆడపడుచుల ఆఫీసులో వాళ్ళు ఒకే హాల్లోకి వచ్చి కూర్చున్నట్టయింది. పని జరిగే తీరు ఇది: సరుకు దగ్గరున్న హోల్‌సేలర్ పొద్దున్నే ఫొటోలు, కింద నాలుగు లైన్ల వివరం, రీసెల్లర్ల ధర పంపుతాడు. ఆమె ఆ ధర చెరిపేసి తన మార్జిన్ కలిపి కొత్త ధర వేస్తుంది, ఫొటో మీద అతని కొట్టు పేరుంటే కత్తిరిస్తుంది, తన గ్రూపులో పెడుతుంది. ఆర్డరు రాగానే డబ్బు పంపి, కొనేవాళ్ళ చిరునామా హోల్‌సేలర్‌కు ఇస్తుంది. ఫ్రమ్ అడ్రస్ దగ్గర తన పేరే రాయమంటుంది. చీర ఆమె ఇంటికి రాదు, ఆమె చేయి తగలదు. వెళ్ళేది ఆమె పేరు మీద. 2018 జూలైలో, వదంతులు నమ్మిన మూకలు చేసిన హత్యల తర్వాత, వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డులను ఐదు చాట్లకు కుదించినప్పుడు రీసెల్లర్లు బ్రాడ్‌కాస్ట్ లిస్టుల మీద మరింత ఆధారపడవలసి వచ్చింది. అవతలివాళ్ళు మన నంబరు సేవ్ చేసుకుంటేనే ఆ సందేశం వాళ్ళకు చేరుతుంది. అందుకే ప్రతి మెసేజీ కిందా ‘నా నంబరు సేవ్ చేసుకోండి’ అని బతిమాలడం. ఈ వ్యాపారం పరిచయం మీద నడుస్తుందని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

పెట్టుబడిదారులు ఇది గమనించారు. 2015లో మొదలైన మీషో, 2017లో వచ్చిన గ్లోరోడ్ వంటివి వాట్సాప్‌లో అమ్ముతున్న ఆడవాళ్ళనే లెక్కలోకి తీసుకుని నిలదొక్కుకున్నాయి. 2019లో ఫేస్‌బుక్ మీషోలో డబ్బు పెట్టింది. 2022లో గ్లోరోడ్‌ను అమెజాన్ కొనుక్కుంది. ఈ యాప్‌లు మేలు చేయలేదని నేను అనను. సరుకు తెచ్చి పెట్టుకునే బాధ పోయింది, మిగిలిపోయిన చీరల బెంగ పోయింది, వాయిదాల వసూలు పోయింది. ఆర్డరు పెట్టేటప్పుడే మార్జిన్ కలుపుకుంటే అది ఆమె బ్యాంకు ఖాతాలో పడేది. బంగారం కుదువ పెట్టే స్తోమత కూడా లేని ఇంటి నుంచి వ్యాపారం మొదలుపెట్టడం మొదటిసారి సాధ్యమైంది. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ పాత హాలు తలుపులు అందరికీ ఒకేలా తెరుచుకోలేదు. ఎవరి ఇంటికి ఎవరు వెళ్ళి చాప మీద కూర్చోవచ్చన్నది కులమూ వీధీ చాలావరకు నిర్ణయించాయి. ఫోను ఆ గడపను తగ్గించింది. ఈ ఒక్క కారణానికే నేను పాత పద్ధతిని స్వర్ణయుగంగా చూపలేను.

కానీ ప్రతి ఆర్డరుతో పాటు కొనేవాళ్ళ పేరు, ఊరు, ఫోను నంబరు, ఏ రంగు ఇష్టపడతారు, ఎంత ధర దాకా వెళతారు అన్న వివరం యాప్‌లోకి వెళ్ళింది. నోటుపుస్తకం చేయి మారిందంటే ఇదే. 2021లో మీషో అమ్మకందారుల నుంచి కమీషన్ తీసుకోవడం మానేసి, నేరుగా కొనేవాళ్ళ వైపు తిరిగింది. అప్పటినుంచి అక్కయ్య పంపిన ఫొటోలో ఉన్న చీర, అక్కయ్య మార్జిన్ లేకుండా, చెల్లెలి ఫోనులోనే కనబడుతోంది. ఆమె మోసం చేసిందేమో అన్న అనుమానం ఆ బంధుత్వంలోకి వచ్చింది. ఆమె చేసిన పనికి ఆ మార్జిన్ కూలి అన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

దీనికి అర్థశాస్త్రం చదివినవాళ్ళు ఒక బలమైన అభ్యంతరం చెబుతారు. మధ్యవర్తి తప్పుకుంటే కొనేవాళ్ళకు ధర తగ్గుతుంది కదా, బాధెందుకు? ధర వరకు నిజం. పాత వాయిదాల ధరలో వడ్డీ కలిసే ఉండేదన్నదీ నిజం. అయితే చీర ఫొటోలో తేలే వస్తువు కాదు. తిరగేసి చూసే వీలు లేని చోట అచ్చు వేసిన పాలియెస్టర్ కూడా పోచంపల్లి పేరుతో వెళుతుంది. చేనేతకు కొన్ని రకాలను కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చింది, పోచంపల్లి ఇక్కత్‌కు జీఐ గుర్తింపు ఉంది, 2006లో హ్యాండ్‌లూమ్ మార్క్ వచ్చింది. ఫోను తెర మీద వీటిని ఎవరు సరిచూస్తారు? పక్కింటి వ్యాపారి సరిచూసేది, ఎందుకంటే మొదటి ఉతుకులో రంగు పోతే ఆ చీర మర్నాడే ఆమె గుమ్మంలో ఉండేది. ఆమె మార్జిన్లో ఈ పూచీ ఖరీదు ఉంది. దాన్ని తీసేసి ధర తగ్గిందనడం సగం లెక్క.

ఇప్పుడు చాలామంది యాప్‌లు వదిలి యూట్యూబ్, ఫేస్‌బుక్ లైవ్‌ల వైపు వచ్చారు. చీర విప్పి పల్లూ చూపిస్తారు, వెనకవైపు తిప్పి చూపిస్తారు, స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ చేయమంటారు. క్యాష్ ఆన్ డెలివరీ లేదు, డబ్బు ముందే పంపాలి, పార్సిలు విప్పేటప్పుడు వీడియో తీస్తేనే డ్యామేజీ ఒప్పుకుంటారు. ఈ షరతులు కటువుగా కనిపించవచ్చు. తిరుగు టపా నష్టాన్ని మోయలేని మనిషి దాన్ని తప్పించుకోవడానికి కనిపెట్టిన పద్ధతి ఇది, పైగా ఈసారి కొనేవాళ్ళ నంబర్లు ఆమె ఫోనులోనే ఉంటాయి. అమెరికాలోని తెలుగువాళ్ళకు చీరలు పంపి ఎదిగినవాళ్ళూ వీళ్ళలో ఉన్నారు. అక్కడ 800 డాలర్ల లోపు పార్సిళ్ళకు 2016 నుంచి ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయినప్పుడు వాళ్ళకు గట్టి దెబ్బ తగిలింది.

ఇంటిదగ్గర చట్టం పెట్టే ఇబ్బంది అంతకంటే పాతది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు, ఆన్‌లైన్ వేదిక మీద సరుకు అమ్మేవాళ్ళు టర్నోవర్ ఎంత చిన్నదైనా రిజిస్టర్ కావాలన్నారు. 2023 అక్టోబరు 1 నుంచి చిన్న వ్యాపారులకు సడలింపు ఇచ్చారు, సొంత రాష్ట్రం లోపల అమ్మితేనే. సరిహద్దు దాటించి సరుకు అమ్మితే, కొన్ని చేతివృత్తుల వస్తువులు తప్ప, రిజిస్ట్రేషన్ కావాల్సిందే. ఎక్కడో ఢిల్లీ, ముంబై లెక్కలో ఇది చిన్న విషయం. 2014లో రెండు రాష్ట్రాలైన మన దగ్గర కాదు. జగ్గయ్యపేటలో ఉన్న ఆవిడకు అనంతపురం సొంత రాష్ట్రం, పక్కనున్న కోదాడ పరాయి రాష్ట్రం. ఆమె కొనుగోలుదార్లు చుట్టరికాల వెంట పరుచుకుని ఉంటారు, ఆ చుట్టరికాలు 2014కు ముందువి. చేనేత చీరకు ఉన్న వెసులుబాటు ఆమె అమ్మే సూరత్ చీరకు లేదు. రాష్ట్రం లోపల ఏ పరిమితి ఇచ్చారో అదే పరిమితి పక్క రాష్ట్రానికి పంపే ఇంటి వ్యాపారికీ ఇవ్వాలని జీఎస్టీ కౌన్సిల్లో అడగవలసింది మన రెండు ప్రభుత్వాలే.