యూనివర్సల్ రిమోట్: కోడ్ల భారం ఎవరిమీద?

వేర్వేరు కంపెనీల టీవీ, వీసీఆర్, సెట్‌టాప్ బాక్స్, ఏసీలను ఒక్కదానితోనే నడిపేందుకు వచ్చింది యూనివర్సల్ రిమోట్. కొత్తగా కొన్నప్పుడు ఇంట్లో ఏ పరికరం ఉందో దానికి తెలియదు. ఆ సంగతి దానికి ఎక్కించడమే ప్రోగ్రామింగ్. నలభై ఏళ్లలో ఈ పద్ధతి చాలాసార్లు మారింది. మారిన ప్రతిసారీ పని తగ్గిందనడం కంటే ఒకరి నెత్తి మీంచి ఇంకొకరి నెత్తికెక్కిందనడమే నిజానికి దగ్గర.

మొదటి రిమోట్లకు ఈ బాధ లేదు. అమెరికాలో జెనిత్ కంపెనీ 1950లో అమ్మిన లేజీ బోన్స్‌కు టీవీదాకా తీగ ఉండేది. 1955లో అదే కంపెనీ ఇంజినీరు యూజీన్ పాలీ చేసిన ఫ్లాష్‌మాటిక్ వెలుగుతో పనిచేసింది. తెర నాలుగు మూలల్లో ఉన్న కాంతి గ్రాహకాల్లో ఒకదానిమీద వెలుగు పడాలి. కిటికీలోంచి ఎండ పడినా టీవీ తనంతట తనే ఛానల్ మార్చేసేది. మరుసటి ఏడాది వచ్చిన రాబర్ట్ ఆడ్లర్ స్పేస్ కమాండ్‌లో బ్యాటరీ కూడా లేదు. మీట నొక్కితే లోపలి చిన్న సుత్తి అల్యూమినియం కడ్డీని కొట్టేది, చెవికి అందని ధ్వని పుట్టేది. నాలుగు మీటలకు నాలుగు కడ్డీలు. ఏ టీవీతో వచ్చిన రిమోట్ ఆ టీవీకే. కొత్తగా నేర్పాల్సిందేమీ లేదు.

దాదాపు పాతికేళ్లు అతిధ్వనులదే రాజ్యం. ఈలోగా మీటల అవసరం పెరిగింది. 1974లో బీబీసీ సీఫాక్స్ పేరుతో టీవీ తెరమీద అక్షరాల పేజీలు ప్రసారం చేయసాగింది. పేజీ తెరవాలంటే మూడంకెల సంఖ్య నొక్కాలి, ఆ అంకెలన్నిటికీ కడ్డీలు పెట్టడం కుదరదు. 1970ల చివరికల్లా పరారుణ కాంతి రంగంలోకి వచ్చింది, దానితోపాటే కోడ్లూ వచ్చాయి.

జపాన్ కంపెనీ ఎన్‌ఈసీ కోడ్‌నే తీసుకుంటే, మీట నొక్కగానే రిమోట్ ముక్కున ఉన్న బల్బు సెకనుకు 38 వేలసార్లు మినుకుతూ 9 మిల్లీసెకన్లు వెలిగి, నాలుగున్నర మిల్లీసెకన్లు ఆగుతుంది. ఆ తర్వాత 32 బిట్లు. వెలుగు తర్వాత విరామం పొట్టిదైతే సున్నా, పొడుగైతే ఒకటి. మొదటి 8 బిట్లు ఏ పరికరమో చెబుతాయి, తర్వాతి 8 వాటినే తలకిందులు చేసి మళ్లీ చెబుతాయి. ఆజ్ఞ కూడా అలాగే రెండుసార్లు వెళ్తుంది, దారిలో తప్పు దొర్లితే పట్టుకోవడానికి. ఫిలిప్స్ ఆర్‌సీ-5 పద్ధతిలో మినుకు వేగం 36 వేలు, బిట్లు 14. సోనీలో 40 వేలు. ఒకరి భాష ఇంకొకరికి పట్టదు. కంపెనీలన్నీ కూర్చుని ఒక మాట మీదకు వచ్చి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

1980లలో అమెరికా ఇళ్లలో టీవీ పక్కన వీసీఆర్, కేబుల్ పెట్టె, సీడీ ప్లేయర్ చేరాయి, ఒక్కోదానికీ ఒక రిమోట్. 1985 ప్రాంతంలో నార్త్ అమెరికన్ ఫిలిప్స్ ఇంజినీర్లు యూనివర్సల్ రిమోట్ రూపొందించారు. అక్కణ్నించి దారులు రెండయ్యాయి: నేర్పడం ఒకటి, అంకెలు కొట్టడం రెండోది.

నేర్పే దారిలో పేరు మోసింది యాపిల్ స్థాపకుల్లో ఒకరైన స్టీవ్ వోజ్నియాక్ 1987లో తన సీఎల్ 9 కంపెనీ నుంచి తెచ్చిన కోర్. పాత రిమోట్‌ను దాని ఎదురుగా ముక్కూ ముక్కూ చూసుకునేట్టు పెట్టి ఒక్కో మీటా నొక్కితే, వచ్చిన మినుకులను అది గుర్తుంచుకునేది. ఒక మీటతో వరుసగా పలు ఆజ్ఞలు పంపేలా, ఫలానా వేళకు పంపేలా కూడా అమర్చుకోవచ్చు. చేయి తిరిగినవాళ్లకు అది పండగే; కొత్తవాళ్లకు మాత్రం ప్రతి మీటా ఒక పాఠం. కంపెనీ ఎక్కువకాలం నిలవలేదు. పాత రిమోట్ పోయినవాళ్లకు ఈ దారి అసలే పనికిరాదు, నేర్పడానికి గురువే లేడు గదా.

రెండో దారి 1986లో మొదలైన యూనివర్సల్ ఎలక్ట్రానిక్స్ కంపెనీది. వన్ ఫర్ ఆల్ పేరుతో అది అమ్మిన రిమోట్లలో కోడ్లు ముందే నిండి ఉంటాయి. మ్యాజిక్ మీటను ఎర్రదీపం రెండుసార్లు మినికేదాకా నొక్కి పట్టి, చిన్న పుస్తకంలో టీవీ పేరు వెతికి, ఎదురుగా ఉన్న అంకెలు కొట్టాలి. దీపం మళ్లీ రెండుసార్లు మినికితే అంకెలు చెల్లాయన్నమాట. పుస్తకం పోతే 991 కొట్టి, టీవీ ఆరిపోయేదాకా ఛానల్, పవర్ మీటలు మార్చి మార్చి నొక్కుతూ పోవాలి. కొత్తవాళ్లకు చేసిన ఈ ఉపకారం వాళ్ల ఓపికనే పరీక్షించింది. వేలు ఒక్క అడుగు ముందుకు జారితే సరైన కోడ్ దాటిపోయేది. టీవీ ఆరినా సౌండ్ పెరగని సందర్భాలూ ఉండేవి, ఒకే కంపెనీ కాలానికో కోడ్ల వరస వాడటం వల్ల. అందుకే అనుభవమున్నవాళ్లు పవర్‌తో ఆగకుండా సౌండ్, ఛానల్ కూడా నొక్కి చూసేవాళ్లు.

ఆ రిమోట్లలోనే వాళ్లకు ఇంకో లోకం దాగి ఉంది. 994 కొట్టి అంకెలతో కొత్త ఆజ్ఞను ఏ మీటమీదికైనా ఎక్కించవచ్చు. కొన్ని మోడళ్లలో సెల్లు పెట్టే అర తెరిస్తే ఆరు పిన్నుల సాకెట్ కనిపిస్తుంది. సర్క్యూట్ బోర్డుమీద దాని పక్కన జేపీ1 అని అచ్చయి ఉంటుంది, ఆ సరదా కూడా అదే పేరుతో స్థిరపడింది. 2000 ప్రాంతం నుంచి ఔత్సాహికులు అక్కడ కంప్యూటర్ తీగ తగిలించి రిమోట్ జ్ఞాపకాన్ని నేరుగా తిరగరాయసాగారు. వాళ్లు ముఖ్యంగా వెతికింది పవర్ కోసం రెండు వేర్వేరు ఆజ్ఞలను: వెలిగించడానికి ఒకటి, ఆర్పడానికి ఒకటి. మామూలు పవర్ మీట ఉన్న స్థితిని తిరగేస్తుంది, అంతే. పరారుణ కాంతి ఒకవైపే వెళ్తుంది, టీవీ వెలిగిందో లేదో రిమోట్‌కు చెప్పేవాళ్లు లేరు. వరస ఆజ్ఞల్లో ఒక్కటి తప్పినా, వెలగాల్సింది ఆరిపోయి మిగతాదంతా అడ్డం తిరుగుతుంది.

కెనడాలో పుట్టి 2004లో లాజిటెక్ చేతికి వచ్చిన హార్మనీ రిమోట్లు ఈ చిక్కును సూటిగా పట్టుకున్నాయి. మోడల్ పేర్లు ఇంటర్నెట్‌లో నమోదు చేస్తే కోడ్లు కంపెనీ సర్వర్ నుంచి దిగుతాయి. నొక్కాల్సింది టీవీ మీట కాదు, ‘సినిమా చూడాలి’ అన్న మీట. ఏది వెలిగి ఉందో రిమోటే లెక్క పెట్టుకుంటుంది. మధ్యలో ఎవరైనా అడ్డొచ్చి కాంతి అందకపోతే లెక్క తప్పుతుంది, అప్పుడు హెల్ప్ మీట నొక్కితే టీవీ వెలిగిందా అని అడిగి సరిచేసుకుంటుంది. 2021లో లాజిటెక్ వీటి తయారీ మానేసింది.

తెలుగు ఇళ్లలో ఈ అవసరం సెట్‌టాప్ బాక్సులతో పెరిగింది. కేబుల్ డిజిటలీకరణ రెండో విడత 38 నగరాల్లో హైదరాబాద్, విశాఖపట్నం ఉన్నాయి. గడువు 2013 మార్చి 31. బాక్స్ రిమోట్, టీవీ రిమోట్ రెండూ కావాల్సొచ్చాయి. చాలా బాక్సు రిమోట్లలో ఒక మూల గీత గీసి పెట్టిన నాలుగైదు టీవీ మీటలు పాత నేర్పే పద్ధతివే: దీపం వెలిగేదాకా నొక్కి, టీవీ రిమోట్ ఎదురుగా పెట్టి నేర్పాలి. ఆ పనిలో పడనివాళ్లు బజారు దారి పట్టారు. విరిగిన రిమోట్ చూపిస్తే దుకాణదారు మీటల అమరిక చూసి అచ్చం అలాంటిదే తీసిస్తాడు. కోడ్ల పుస్తకం ఆయన బుర్రలోనే ఉంటుంది.

ఏసీల సంగతి వేరు. ఏసీ రిమోట్ ప్రతి నొక్కుకూ ఉష్ణోగ్రత, ఫ్యాన్ వేగం, మోడ్ అన్నీ కలిపి పంపుతుంది, స్థితి రిమోట్ దగ్గరే ఉంటుంది. అందుకే ‘1000 ఇన్ 1’ అని అమ్మే ఏసీ రిమోట్లలో సెట్ మీట పట్టుకుని ఉంటే కోడ్లు ఒక్కొక్కటే వెళ్తుంటాయి, ఏసీ బీప్ అనగానే వదిలేయాలి. వదలడం ఆలస్యమైతే మళ్లీ మొదటికే.

హెచ్‌డీఎంఐ తీగలోని సీఈసీ సదుపాయం వచ్చాక పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలుగుతున్నాయి. ఆ తీగ ద్వారా టీవీ కంపెనీ పేరు తెలుసుకుని, దానికి తగిన పరారుణ కోడ్ల వరసను తామే ఎంచుకునే బాక్సులూ ఉన్నాయి. అప్పుడు వాడేవాళ్లకు మిగిలే పని సౌండ్ మీట నొక్కి చూసి, తెరమీది ప్రశ్నకు అవుననో కాదనో చెప్పడం. కాదంటే తర్వాతి వరస వస్తుంది.