తప్పు పట్టే విద్య – ‘బ్రేక్‌పాయింట్’ పుట్టుపూర్వోత్తరాలు

గుమాస్తాగిరీ చేసిన మనకందరికీ తెలిసిన సంగతే. లెడ్జరులో తేడా వస్తే చివరి మొత్తాన్ని పట్టుకు కూర్చుని ప్రయోజనం లేదు. ఏ పేజీ వరకు లెక్క సరిపోయిందో చూసి, అక్కడ పెన్సిలుతో టిక్కు పెట్టి, ఆ పై పేజీ నుండి మళ్లీ కూడాలి. నేడు మన పిల్లలు కంప్యూటరు ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే పద్ధతీ ఇదే. వారి టిక్కు పేరు ‘బ్రేక్‌పాయింట్’.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలో ‘కంప్యూటర్’ అన్నది ఒక ఉద్యోగం పేరు. ఫిరంగి గుండు ఎక్కడ పడుతుందో లెక్క కట్టడానికి సైన్యం నియమించిన యువతుల హోదా అది. ఒక్క గుండు లెక్క చేత్తో కట్టడానికి 30 గంటలకు పైగా పట్టేది. ఆ పని కోసమే ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ‘ఎనియాక్’ యంత్రం తయారైంది. సుమారు 18,000 వాక్యూం ట్యూబులు, 30 టన్నుల బరువు. దానిని నడిపే బాధ్యత ఆ ఉద్యోగినుల్లో ఆరుగురికి అప్పగించారు. మొదట వారికి యంత్రం గదిలోకి ప్రవేశం లేదు. పటాలు చూసే నేర్చుకున్నారు.

ఎనియాక్‌కు ప్రోగ్రాము అంటే తీగలు తగిలించడం, స్విచ్చులు తిప్పడం. జవాబు తప్పితే, ఒక మెట్టు నుండి తరువాతి మెట్టుకు పోయే తీగను పీకేవారు. యంత్రం అక్కడ ఆగేది. అప్పటికి వచ్చిన అంకెలను దీపాల్లో సరిచూసుకునేవారు. అలా తీగను ‘బ్రేక్’ చేసిన చోటే ‘బ్రేక్‌పాయింట్’. ఈ ఆలోచన బెట్టీ స్నైడర్ గారిదని చెబుతారు.

నేటి పద్ధతి చూడండి. సి వంటి భాషలో రాసినదాన్ని కంపైలర్ యంత్రభాషలోకి మారుస్తుంది. ఏ యంత్రాజ్ఞ మనం రాసిన ఏ వరుసదో తెలిపే పట్టికను కూడా జతచేయమని దానిని ముందే కోరాలి. ఎడిటర్‌లో వరుస పక్కన నొక్కితే ఎర్రచుక్క పడుతుంది. ఇంటెల్ తరహా యంత్రాల్లో డీబగ్గర్ ఆ చోటి ఆజ్ఞలో మొదటి బైటును తీసి దాచి, ‘ఆగు’ అనే ఒక బైటు ఆజ్ఞను పెడుతుంది. ప్రోగ్రాము అక్కడ ఆగగానే ఏ పేరు కింద ఏ విలువ ఉందో తెరమీద చూడవచ్చు. తరువాత అసలు బైటును యథాస్థానంలో పెట్టి ముందుకు నడుపుతుంది. 1986లో వచ్చిన జీడీబీలోనూ, 2015లో వచ్చిన విజువల్ స్టూడియో కోడ్‌లోనూ ఈ సూత్రం మారలేదు. మారింది తీగ స్థానంలో చుక్క రావడమే.

1946 ఫిబ్రవరి 15న ఎనియాక్ ప్రారంభ ప్రదర్శన. గుండు నేలను తాకినా లెక్క ఆగడం లేదని ముందు రాత్రి తేలింది. తెల్లవారి స్నైడర్ గారు వచ్చి ఒక్క స్విచ్చి తిప్పి సరిచేశారు. నిజమైన గుండు నేల చేరడానికి పట్టే కాలం కంటే తక్కువలోనే యంత్రం లెక్క పూర్తిచేసింది. ఆ రాత్రి జరిగిన విందుకు మాత్రం ఈ ఆరుగురికి పిలుపు రాలేదు. అమెరికాలోని సాంకేతిక రంగ మహిళల సంస్థ ఒకటి 1997లో ఆరుగురినీ గౌరవించింది. అంటే యాభై ఏళ్ల తరువాత!

ఫైలు నడిపిన గుమాస్తా పేరు ఉత్తర్వులో ఉండదు. ఆ సంగతి మనకు బాగా తెలుసు కనుక ఈ పేర్లు మన సంచికలోనైనా ఉండాలని రాస్తున్నాను: క్యాథ్లీన్ మెక్‌నల్టీ, బెట్టీ జీన్ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సిస్ బైలస్, రూత్ లిక్టర్‌మన్. ఇంట్లో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే పిల్లలుంటే వారికి చదివి వినిపించగలరు.