వర్డిల్‌లో ఫస్ట్ గెస్ ఏది పెట్టాలి? 'ట్రైన్', 'క్లోజ్' చాలు.. పెద్ద ఇంగ్లిష్ అక్కర్లేదు!

రోజుకు ఒకే ఒక్క పదం. ఐదు అక్షరాలు. ఆరు ఛాన్సులు. ఆరోది కూడా తప్పితే రోజుల తరబడి కాపాడుకున్న స్ట్రీక్ మళ్లీ సున్నా. వర్డిల్ ఆడేవాళ్లకు ఈ టెన్షన్ కొత్తేం కాదు. పల్నాడు జిల్లా వినుకొండ నుంచి అమెరికాలోని డల్లాస్ దాకా తెలుగువాళ్ల ఫోన్లలో ఆకుపచ్చ, పసుపు గళ్లు కనిపిస్తూనే ఉంటాయి. అయితే చాలామంది ఇది ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్ల ఆట అనుకుని పక్కన పెట్టేస్తారు. నిజానికి మొదటి గెస్‌కు కావాల్సింది డిక్షనరీ కాదు, చిన్న లెక్క. అదేంటో చూద్దాం.

ఆట ఎక్కడ పుట్టింది?

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ జోష్ వార్డిల్ ఈ గేమ్ తయారు చేశారు. భారత సంతతికి చెందిన తన పార్ట్‌నర్ పాలక్ షా కోసం చేసిన ఆట ఇది. ఇంగ్లిష్‌లో ఐదక్షరాల పదాలు దాదాపు 12 వేలు ఉంటే, అందరికీ తెలిసిన పదాలను ఏరింది ఆమే. 2021 అక్టోబర్‌లో గేమ్ బయటకు వచ్చింది. 2021 నవంబర్ 1న ఆడినవాళ్లు 90 మంది. రెండు నెలలు తిరిగేసరికి 3 లక్షలు దాటారు. 2022 జనవరి 31న న్యూయార్క్ టైమ్స్ దీన్ని కొనేసింది.

రూల్స్ సింపుల్. అక్షరం సరైన చోట ఉంటే ఆకుపచ్చ. పదంలో ఉంది కానీ చోటు వేరైతే పసుపు. అసలు లేకపోతే బూడిద రంగు.

మొదటి గెస్ జవాబు కాదు.. ప్రశ్న!

చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. మొదటి పదంతోనే కొట్టేయాలని చూస్తారు. కానీ తొలి జాబితాలో జవాబు పదాలే 2,315. ఫస్ట్ ఛాన్స్‌లోనే తగలడం అంటే లాటరీ కిందే లెక్క. కాబట్టి మొదటి పదం పని జవాబు పట్టడం కాదు, వీలైనన్ని పదాలను జాబితా నుంచి తీసేయడం.

ఒక ఉదాహరణ. ఆ 2,315 పదాల్లో 'ఈ' అక్షరం ఉన్నవి 1,056. అంటే మీ గెస్‌లో 'ఈ' ఉండి, అది బూడిద రంగులోకి మారినా నష్టం లేదు. ఒక్క దెబ్బకు దాదాపు సగం పదాలు ఎగిరిపోతాయి. అదే 'జె' అక్షరం జాబితా మొత్తంలో 27 సార్లే వస్తుంది. అది బూడిద రంగు అయితే మీకు కొత్తగా తెలిసేది దాదాపు ఏమీ ఉండదు. మంచి ఓపెనింగ్ అంటే, తగిలినా తగలకపోయినా ఏదో ఒకటి చెప్పి వెళ్లే పదం.

ఏ అక్షరం ఎన్నిసార్లు?

తొలి జాబితాలో ఎక్కువసార్లు వచ్చే టాప్ 10 అక్షరాలు ఇవీ:

- ఈ: 1,233
- ఏ: 979
- ఆర్: 899
- ఓ: 754
- టి: 729
- ఎల్: 719
- ఐ: 671
- ఎస్: 669
- ఎన్: 575
- సి: 477

అన్ని పదాల్లో కలిపి ఉన్న అక్షరాలు 11,575. అందులో ఈ పదింటి వాటానే 7,705. అంటే ప్రతి మూడు అక్షరాల్లో రెండు ఇవే.

మన ఊరి పదాలతో టెస్ట్

పత్తి, మిర్చి పండే ఊళ్లలో అందరికీ తెలిసిన ఇంగ్లిష్ పదాలు కొన్ని తీసుకుందాం. పదంలోని ఒక్కో అక్షరం జాబితాలో ఎన్నిసార్లు వస్తుందో కూడితే స్కోరు వస్తుంది. ఒకే అక్షరం రెండుసార్లు ఉంటే ఒక్కసారే లెక్క.

- ప్యాడీ, అంటే వరి: 2,164. 'డి' రెండుసార్లు వచ్చి ఒక గడి వృథా.
- చిలీ, అమెరికా స్పెల్లింగ్‌లో మిర్చి: 2,256. ఇక్కడ 'ఐ' రెండుసార్లు.
- ఫీల్డ్: 3,246
- స్పైస్: 3,417
- గ్రెయిన్: 3,435
- ట్రైన్: 3,853
- స్లేట్: 4,329

కాటన్ అన్న పదానికి ఆరు అక్షరాలు కాబట్టి ఆటలోకే రాదు.

స్కోరు ఒక్కటే చూస్తే సరిపోదు, అక్షరం కూర్చునే చోటు కూడా ముఖ్యం. 'ఎస్'తో మొదలయ్యే జవాబులు 366 ఉంటే, 'ఎస్'తో ముగిసేవి 36 మాత్రమే. 'ఈ'తో ముగిసేవి 424. అందుకే 'ఎస్'తో మొదలై 'ఈ'తో ముగిసే స్పైస్ స్కోరు తక్కువైనా గట్టి పదమే. అదే క్రాప్స్ లాంటి బహువచనం పెడితే చివరి 'ఎస్' దండగ. మామూలుగా 'ఎస్' చేర్చిన బహువచనాలను టైమ్స్ జవాబుగా ఇవ్వదు.

'అడ్యూ' ఫేమస్.. కానీ!

ఏ, డి, ఐ, ఈ, యు. నాలుగు అచ్చులు ఒకే పదంలో ఉండటంతో 'అడ్యూ' సూపర్ హిట్ అయింది. 50 కోట్లకు పైగా ఆటలను పరిశీలించి 2023 డిసెంబర్‌లో న్యూయార్క్ టైమ్స్ ఇచ్చిన విశ్లేషణలోనూ ఎక్కువమంది వాడే ఫస్ట్ గెస్ ఇదే. కానీ 'స్లేట్'తో మొదలుపెట్టినవాళ్ల కంటే వీళ్లకు ఎక్కువ ఛాన్సులు ఖర్చవుతున్నాయని కూడా అదే తేల్చింది.

ఎందుకిలా? తెలుగులో ఆలోచిస్తే ఈజీగా అర్థమవుతుంది. పదంలో ఒక దీర్ఘం ఉంది, ఒక కొమ్ము ఉంది అని చెప్పి హల్లులన్నీ దాచేస్తే ఏ పదమో పట్టుకోగలరా? ఇంగ్లిష్‌లోనూ అంతే. అచ్చులు దాదాపు ప్రతి పదంలోనూ ఉంటాయి. పదాన్ని విడదీసి చూపించేవి హల్లులే. మన లెక్కలో 'అడ్యూ' స్కోరు 3,743. 'ట్రైన్' కంటే తక్కువ.

కంప్యూటర్ ఏమంది?

అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు దిమిత్రిస్ బెర్ట్‌సిమాస్, అలెక్స్ పాస్కోవ్ లెక్క ప్రకారం బెస్ట్ ఓపెనింగ్ 'సాలెట్'. ఎస్, ఏ, ఎల్, ఈ, టి. పాతకాలం సైనికుల శిరస్త్రాణానికి పేరు ఇది. దీనితో మొదలుపెట్టి ఆ తర్వాత కూడా తప్పు లేకుండా ఆడితే సగటున 3.42 ఛాన్సుల్లో ఆట ముగుస్తుంది.

అయితే 'సాలెట్'లో, 'స్లేట్'లో ఉన్నవి అవే ఐదు అక్షరాలు. రెండింటికీ తేడా చాలా తక్కువ. పైగా 'సాలెట్' జవాబుల జాబితాలో లేదు కాబట్టి ఫస్ట్ ఛాన్స్‌లో కొట్టే అవకాశమే ఉండదు. మనుషులకు 'స్లేట్' చాలు.

రెండు పదాల ఫార్ములా

ఇంకా సులువైన దారి ఒకటుంది. మొదట 'ట్రైన్', తర్వాత 'క్లోజ్'. టి, ఆర్, ఏ, ఐ, ఎన్. సి, ఎల్, ఓ, ఎస్, ఈ. పైన చెప్పిన టాప్ 10 అక్షరాలు సరిగ్గా ఇవే! ఒక్కటి మిగల్లేదు, ఒక్కటి రిపీట్ కాలేదు. గుంటూరు-నంద్యాల లైన్‌లో వినుకొండ స్టేషన్ మీదుగా వెళ్లే రైలు ఎక్కే ఏ స్కూలు పిల్లాడికైనా ఈ రెండు పదాలూ తెలుసు.

మొదటి పదానికే రెండు, మూడు గళ్లు ఆకుపచ్చగా వస్తే మాత్రం 'క్లోజ్' పక్కన పెట్టి, వచ్చిన క్లూను వాడుకోవడం మంచిది.

ఈ ట్రాప్‌లో పడొద్దు

ఓపెనింగ్ బాగున్నా స్ట్రీక్ పోయే చోటు ఇది. చివరి నాలుగు అక్షరాలు ఐ, జి, హెచ్, టి అని తెలిసింది. ఫైట్, మైట్, నైట్, రైట్, టైట్.. ఒక్కొక్కటీ ట్రై చేస్తూ పోతే ఛాన్సులు అయిపోతాయి. అప్పుడు 'ఫ్రౌన్' పెట్టండి. ఎఫ్, ఆర్, ఓ, డబ్ల్యూ, ఎన్. ఎఫ్ వెలిగితే ఫైట్, ఆర్ అయితే రైట్, ఎన్ అయితే నైట్. ఏదీ వెలగకపోతే ఈ ఐదింటిలో మిగిలేవి మైట్, టైట్ రెండే. హార్డ్ మోడ్‌లో మాత్రం ఈ ట్రిక్ కుదరదు. అక్కడ వచ్చిన క్లూలను తర్వాతి గెస్‌లో వాడి తీరాల్సిందే.

తెలుగులో ఆడితే?

ఇదే ఆటను ఇంట్లో కాగితం మీద తెలుగులోనూ ఆడుకోవచ్చు. కానీ లెక్క మారిపోతుంది. ఇంగ్లిష్‌లో 26 అక్షరాలే. తెలుగులో క నుంచి కౌ వరకే పన్నెండు రూపాలు. అన్ని హల్లులకూ గుణింతం వేస్తే 400 దాటుతాయి. ఒత్తులు కలిపితే ఇంకా ఎక్కువ.

ముందు ఎన్ని అక్షరాలో తేల్చుకోవాలి. వినుకొండ అంటే వి, ను, కొం, డ.. నాలుగు. నూజెండ్ల అంటే నూ, జెం, డ్ల.. మూడు. అక్షరం మొత్తం కలిస్తేనే మార్కు అంటే ఆట ముందుకు కదలదు. హల్లు సరిపోయి గుణింతం తేడా ఉంటే దానికి వేరే రంగు ఇచ్చుకోవాలి. మొదటి గెస్‌గా ఒత్తులు లేని, నాలుగు వేర్వేరు హల్లులున్న పదం బెటర్. ఉదాహరణకు 'కలవరం'.

స్పాయిలర్ ఇచ్చేది మనమే!

కొత్త పదం ఎవరి ఫోన్‌లో వాళ్ల టైమ్ ప్రకారం రాత్రి 12కి వస్తుంది. వినుకొండలో అర్ధరాత్రి దాటగానే పదం మారితే, న్యూజెర్సీలో ఉన్న అన్నయ్యకు అది రావడానికి మనకు తెల్లారి 9.30 అవుతుంది. చలికాలంలో 10.30. కాబట్టి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో జవాబు రాసేయొద్దు. షేర్ బటన్ నొక్కితే రంగు గళ్లు మాత్రమే వెళ్తాయి, పదం వెళ్లదు.

ఇంకో మాట. స్పెల్లింగ్ అమెరికాది. 2022 ఫిబ్రవరిలో 'హ్యూమర్' జవాబుగా వచ్చినప్పుడు, రెండో 'యు' లేకుండా ఐదక్షరాలు రాయడం తట్టక బ్రిటిష్ స్పెల్లింగ్‌కు అలవాటుపడ్డవాళ్లు తికమకపడ్డారు. మన స్కూళ్లలో నేర్పేదీ బ్రిటిష్ పద్ధతే కాబట్టి కలర్, ఫేవర్ లాంటి పదాల దగ్గర జాగ్రత్త.