స్వాతంత్ర్యం కావాలా అని మన పల్లెని ఎవరడిగారు?

(మన చరిత్ర మనమే రాసుకుందాం – 9)



ఆగస్టు వచ్చిందంటే మన పిల్లలకు కాలేజీల్లో ఒక మాట తగులుతుంది: "మీ అంబేద్కర్ స్వాతంత్ర్యం వద్దన్నాడు కదా, మీవాళ్లు తెల్లోళ్ల పక్షం కదా." 1997లో అరుణ్ శౌరి దీని మీద ఏకంగా పుస్తకమే రాశాడు. సరే, ఒక్క ప్రశ్న. దళితులు వద్దన్నారని తేల్చడానికి వాళ్ల అభిప్రాయం ఎప్పుడు తీసుకున్నారు?

2014లో స్కాట్లాండులో "మీకు ప్రత్యేక దేశం కావాలా" అని ఓటు పెట్టారు. 16 ఏళ్ల పిల్లలూ ఓటేశారు. 55 శాతం మంది వద్దన్నారు. ఓటుకు ముందు నెలల తరబడి సర్వేలు జరిగాయి. 1947 జులైలో మన ఉపఖండంలోనూ సిల్హెట్‌లో, వాయవ్య సరిహద్దు రాష్ట్రంలో రెఫరెండం పెట్టారు. అయితే అక్కడ అడిగింది ఇండియానా, పాకిస్తానా అని. స్వాతంత్ర్యం గురించి దేశ ప్రజలందర్నీ అడిగిన ఓటు ఒక్కటీ లేదు.

మరి ప్రజాభిప్రాయం అని దేన్ని చూపించారు? 1946 ఎన్నికల్ని. అప్పటి చట్టం ప్రకారం ఓటు రావాలంటే ఆస్తో, పన్నో, చదువో ఉండాలి. వయోజనుల్లో దాదాపు 28 శాతానికే ఓటు. పూతలపట్టు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో, చిత్తూరు జిల్లాలో ఉంది. పట్టా లేని జీతగాడికి, బడి గడప తొక్కనివ్వని ఆడబిడ్డకి ఆ లిస్టులో చోటెక్కడిది?

మద్రాసులో మనకు 30 రిజర్వుడు సీట్లు. 1932 పూనా ఒప్పందం ప్రకారం ముందు మన ఓటర్లు నలుగుర్ని ఎంచుకోవాలి. ఆ నలుగురిలో గెలిచేదెవరో అన్ని కులాల ఓటర్లూ కలిసి తేల్చాలి. నలుగురికి మించి నిలబడకపోతే ఆ మొదటి ఎన్నికే ఉండదు. చాలా చోట్ల జరిగింది అదే. కడపలో పుట్టిన ఎన్. శివరాజ్ అధ్యక్షుడిగా 1942లో మొదలైన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ ఈ పద్ధతిలో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ఆ ఫలితాల్ని చూపించే క్యాబినెట్ మిషన్ దళితుల తరఫున కాంగ్రెస్సే మాట్లాడుతుందని తేల్చింది. మొదటి దశలో మా ఓటర్లు ఎవర్ని కోరుకున్నారో చూడండని బాబాసాహెబ్ మొత్తుకున్నా వినలేదు.

ఆయన స్వాతంత్ర్యం వద్దన్నాడా? 1930 నవంబరులో లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో, తెల్లోళ్ల ముఖం మీదే, మీ పాలనలో మా అంటరానితనం పోలేదు, ప్రజల ప్రభుత్వం రావాలి అన్నాడు. ఆయన అడిగిన రెండో ప్రశ్నే వాళ్లకు గుచ్చుకుంది: అధికారం ఎవరి చేతికి పోతుంది? అది దేశద్రోహం కాదు. ఊరి బావిలో నీళ్లు తోడుకోనివ్వని చేతులకే తాళాలిస్తుంటే అడగాల్సిన ప్రశ్న.

మన పెద్దల్లో అత్యధికులు మొదటిసారి ఓటేసింది 1951-52లో. అంటే దేశం వచ్చాక, రాజ్యాంగం వచ్చాక. ఈరోజు పూతలపట్టు ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. అయినా గెలిచేదెవరో తేల్చేది అందరి ఓటే. పూనా ఒప్పందం నాటి ఆ ముడి ఇంకా విప్పుకోలేదు.

కాబట్టి తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈసారి ఎవరైనా "మీవాళ్లు వద్దన్నారు" అంటే కోపపడొద్దు. ఏ ఓటర్ల లిస్టులో, ఏ సర్వేలో చూశావని నెమ్మదిగా అడగండి. మన నోరు కట్టేసి, ఆ మౌనానికి అర్థం వాళ్లే రాసుకున్నారు. ఆ రాత చెరపడం మన పని.

వచ్చే భాగంలో: పూనా ఒప్పందం.