యాంటీబయాటిక్స్: ఒకేసారి నాలుగు మందులకు లొంగని బ్యాక్టీరియా.. అసలు ఇదెలా సాధ్యం?

ఒళ్లు కాస్త వేడెక్కితే చాలు.. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ మాత్రలు వేసుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ నిజంగా అవసరం పడ్డ రోజు అదే మందు పనిచేయకపోతే? మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది.

మందుకు అలవాటు పడేది మన శరీరం అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మారేది బ్యాక్టీరియానే.

బ్యాక్టీరియా తప్పించుకునే దారులివే:

* మందును విరగ్గొట్టడం: కొన్ని బ్యాక్టీరియా బీటా లాక్టమేజ్ అనే ఎంజైమ్‌తో పెన్సిలిన్‌ను పనికిరాకుండా చేస్తాయి.
* బయటకు తోసేయడం: లోపలికి వచ్చిన మందును కణంలోని పంపులు బయటకు పంపేస్తాయి. ఒకే పంపు చాలా రకాల మందులను తోసేయగలదు.
* గురి తప్పించడం: మందు అతుక్కునే చోటు ఆకారాన్నే మార్చేసుకుంటాయి.

ఒకేసారి నాలుగు మందులకు ఎలా?

1950లలో జపాన్‌లో రక్త విరేచనాల రోగుల్లో షిగెల్లా బ్యాక్టీరియా సల్ఫా, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్.. ఈ నాలుగింటికీ లొంగలేదు. నాలుగు మార్పులు విడివిడిగా జరిగి ఒకే చోట కలవడం చాలా అరుదు. మరి ఎలా? కునితారో ఒచియాయ్, తోమోయిచిరో అకిబా బృందాలు 1959-60లో గుట్టు విప్పాయి. పేగుల్లో ఉండే ఈ-కోలై నుంచి షిగెల్లాకు ఆ శక్తి మొత్తం ఒకేసారి చేరుతోందని తేల్చాయి. ఫోన్ నుంచి ఫోన్‌కి ఫైల్ పంపినట్టన్నమాట! ఆ జన్యువులను మోసే చిన్న డీఎన్ఏ ఉంగరమే ప్లాస్మిడ్.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. నాలుగు మందులను తట్టుకునే జన్యువులూ ఒకే ప్లాస్మిడ్‌పై ఉంటే, ఏ ఒక్క మందు వాడినా మామూలు బ్యాక్టీరియా చచ్చిపోయి ఇవే మిగులుతాయి. అంటే వాడింది ఒక మందే అయినా పనికిరాకుండా పోయేవి నాలుగు!

మన దగ్గరా ముప్పు ఉంది. హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో ఫార్మా వ్యర్థ జలాలను శుద్ధి చేసి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ ఉన్నట్టు 2007లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. అలాంటి నీళ్లలో మొండి బ్యాక్టీరియాదే పైచేయి.

మరి ఏం చేయాలి?

* జలుబు, ఫ్లూ వైరస్‌తో వస్తాయి. వాటిపై యాంటీబయాటిక్స్ పనిచేయవు.
* స్ట్రిప్‌పై ఎర్ర గీత ఉంటే డాక్టర్ చీటీ లేకుండా కొనొద్దు.
* డాక్టర్ చెప్పిన మోతాదు, రోజులు సొంతంగా మార్చొద్దు.
* మిగిలిన మాత్రలు దాచుకోవద్దు, పక్కవాళ్లకు ఇవ్వొద్దు.