డ్యూటీ దిగాక మొదలయ్యే పని

గల్ఫ్ వలస గురించి తెలుగులో తక్కువేమీ రాలేదు. ఏజెంట్ల మోసాలు, ఎడారిలో గొర్రెలు కాసేవాళ్ల అగచాట్లు, శంషాబాద్ విమానాశ్రయానికి చేరే శవపేటికలు పత్రికల్లో తరచూ కనిపిస్తూనే ఉన్నాయి. డ్యూటీ దిగిన తర్వాత, రాత్రి ఎనిమిదికో శుక్రవారం పొద్దున్నో, అదే మనిషి చేసే రెండో పని మాత్రం రాతలోకి పెద్దగా రాలేదు. చాలాకాలం అది అక్కడి చట్టం ఒప్పని పని కావడమే అందుకు కారణం. చేసినవాళ్లు దాచుకున్నారు, చేయించుకున్నవాళ్లు లెక్కల్లో చూపలేదు. తెలుగునాట పెంకుటిళ్ల మీద స్లాబులు లేచిన చరిత్రలో ఆ దాచుకున్న కష్టానికీ వాటా ఉంది. గల్ఫ్‌లో మనవాళ్లు దాన్ని పార్ట్ టైం అంటారు.

1973లో చమురు ధర పీపాకు మూడు డాలర్ల దగ్గర్నుంచి కొద్ది నెలల్లోనే పన్నెండు డాలర్ల దాకా ఎగబాకింది. ఆ డబ్బుతో గల్ఫ్ దేశాలు రోడ్లు, ఓడరేవులు, కొత్త ఊళ్లు కట్టడం మొదలుపెట్టాయి. కట్టే చేతులు బయటి నుంచి రావాల్సిందే. కేరళవాళ్ల తర్వాత తెలుగువాళ్లూ కదిలారు. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి ఎక్కువమంది దుబాయి, సౌదీ దారి పట్టారు. అప్పటి కడప జిల్లా రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్‌కు దారి పడింది. గోదావరి జిల్లాల ఆడవాళ్లు కువైట్, మస్కట్ ఇళ్లలో వంటకూ పిల్లల పోషణకూ వెళ్లారు.

వెళ్లిన ప్రతి మనిషికీ అక్కడ ఒక కఫీల్, అంటే స్పాన్సరు, ఉంటాడు. వీసా ఇచ్చేది, అకామా అనే నివాస అనుమతిని రెన్యువల్ చేయించేది అతనే. చాలాచోట్ల పాస్‌పోర్టు కూడా అతని బీరువాలోనే. కువైట్‌లో విదేశీయుల నివాసం మీద చట్టం 1959లోనే వచ్చింది. కంపెనీలో పనికి వచ్చినవాడిది ఆర్టికల్ 18 వీసా, ఇంట్లో పనికి వచ్చినవాళ్లది ఆర్టికల్ 20. ఒకదాని మీద వచ్చి రెండోదాని కింద పని చేస్తే నేరం. సౌదీ కార్మిక చట్టం 39వ అధికరణం ఇంకా సూటిగా ఉంటుంది: యజమాని తన కార్మికుణ్ని మరొకరి దగ్గర పని చేయనివ్వకూడదు, కార్మికుడు సొంతానికీ పని చేసుకోకూడదు. డ్యూటీ గంటలకు జీతం ఇచ్చి, మిగతా గంటల మీద కూడా హక్కు ఉంచుకున్న ఏర్పాటు ఇది.

దీని వేళ్లు చమురు కంటే పాతవి. గల్ఫ్ తీరం ముత్యాల వేట మీద బతికిన కాలంలో, ఓడ నాయకుడైన నఖోదా వేట మొదలయ్యే ముందే గజ ఈతగాళ్లకు అప్పు ఇచ్చేవాడు. ఆ అప్పు తీరేదాకా ఈతగాడు మరో నఖోదా ఓడ ఎక్కడానికి వీల్లేదు. ముత్యం దొరికినా దొరకకపోయినా పద్దు నడుస్తూనే ఉండేది. కఫీల్ చుట్టూ నడిచే ఈ కఫాలా పద్ధతి బహ్రెయిన్‌లో బ్రిటిష్ వలస పాలన కాలంలో, బయటి నుంచి వచ్చే ముత్యాల వేటగాళ్లను అదుపులో పెట్టే క్రమంలో రూపుదిద్దుకుందని పరిశోధకుడు ఒమర్ అల్ షెహాబీ వాదించారు. జపాన్ పెంపుడు ముత్యాల పోటీతో 1930ల నాటికి ఆ వేట కుప్పకూలింది. అప్పు ఇచ్చి మనిషిని కట్టేసుకోవడం మాత్రం దానితో పోలేదు.

తెలుగు పల్లెల్లో ఆ అప్పు విమానం ఎక్కకముందే మొదలవుతుంది. ఏజెంటుకు కట్టే డబ్బు కోసం పొలం తాకట్టు పెడతారు, పుస్తెలతాడు కుదువపెడతారు, లేదంటే నూటికి నెలకు రెండు మూడు రూపాయల వడ్డీకి తెస్తారు. అక్కడికెళ్లాక ఇక్కడ చెప్పిన జీతం ఒకటి, కాంట్రాక్టు కాగితంలో ఉన్నది మరొకటి. తిండి ఖర్చు, ఫోను ఖర్చు పోను మిగిలింది వడ్డీకే చాలదు. మొదటి రెండేళ్ల వీసా అప్పు తీర్చడానికే అయిపోతే, రెండోసారి వెళ్తే గానీ ఇంటికి పైసా మిగలదు. ఈ లెక్క చూస్తే, రెండో పని చేసేవాణ్ని ఆశపోతు అనడానికి ఎవరికీ నోరు రాదు. మొదటి జీతం వడ్డీవాడిది, రెండోదే ఇంటిది.

భారత ప్రభుత్వమూ ఈ లెక్కను ఒకసారి మరింత దిగజార్చింది. గల్ఫ్ ఉద్యోగాలకు భారతీయులను తీసుకునేటప్పుడు ఇవ్వాల్సిన కనీస వేతనాన్ని 2020 సెప్టెంబరులో తగ్గించి, కొన్ని దేశాలకు నెలకు 200 డాలర్ల దాకా దించింది. కరోనా కాలంలో మనవాళ్ల ఉద్యోగాలు పోకుండా కాపాడటానికే అని అప్పుడు చెప్పారు. తెలంగాణలో వలస కార్మికుల సంఘాలు దీని మీద ఆందోళనకు దిగాయి, హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. 2021 జులైలో ఆ ఉత్తర్వులు వెనక్కి పోయాయి.

ఇంతకీ ఆ పార్ట్ టైం పనులేమిటి? దుబాయి, షార్జాల్లో పెద్ద భవనాలకు నాతూర్ అని పిలిచే కాపలాదారు ఉంటాడు. లిఫ్టు ఆగిపోతే చూడటం, చెత్త దించడం, మెట్లు తుడవడం అతని డ్యూటీ. తెల్లవారక ముందే లేచి, కింద పార్కింగులో అద్దెకున్నవాళ్ల కార్లు కడగడం అతని పార్ట్ టైం. ఒక బకెట్టు నీళ్లు, రెండు గుడ్డలు. ముందు తడిగుడ్డతో ఇసుక పొర తీయాలి, లేకుంటే రంగు మీద గీతలు పడతాయి. తర్వాత పొడిగుడ్డ. అద్దాలకు విడిగా కాగితం. కారుకు ఇంతని నెలకోసారి ముడుతుంది. ఎండాకాలంలో ఆ నేలమాళిగలో తెల్లారుజామున కూడా చొక్కా పిండితే చెమట కారుతుంది. ఆరింటికల్లా పని ముగించి, స్నానం చేసి, యూనిఫాం వేసుకుని మళ్లీ గేటు దగ్గర ఉండాలి.

క్యాంపుల్లో ఈ పని మరో రకం. దుబాయిలో సోనాపూర్ లాంటి చోట్ల ఒక్కో గదిలో ఆరుగురు, ఎనిమిది మంది ఉంటారు. ఊళ్లో కులవృత్తిగా క్షవరం చేసినవాడు ఇక్కడ కంపెనీలో హెల్పరు, సెలవు రోజున మాత్రం మళ్లీ కత్తెర పడతాడు. గది బయట కుర్చీ వేస్తే వరస కడతారు. వంట వచ్చినవాడు డ్యూటీ నుంచి వచ్చి పదిమందికి అన్నం, పప్పు వండి మెస్ నడుపుతాడు. మిషను కుట్టు వచ్చినవాడు ప్యాంట్ల పొడవు కత్తిరించి కుడతాడు. సొంత కారు సంపాదించిన డ్రైవరు నలుగురిని పనిచోటుకు దింపి నెలకింత తీసుకుంటాడు. దాన్ని అక్కడ కార్ లిఫ్ట్ అంటారు, పట్టుబడితే జరిమానా భారీగా ఉంటుంది. ఊరు విడిచినా ఊరి విద్య వదల్లేదు కాబట్టే చాలామంది గట్టెక్కారు. కంపెనీకి అక్కర్లేని ఆ నైపుణ్యానికి తోటి కూలీలు విలువ కట్టారు.

ఆడవాళ్ల పార్ట్ టైం కథ వేరు, ఎక్కువ ప్రమాదమూ అందులోనే. ఇంట్లోనే ఉండి పని చేసే ఖద్దామాకు డ్యూటీ దిగడమంటూ లేదు. ఆ ఇల్లు భరించలేక బయటికొచ్చినవాళ్లు, కువైట్‌లో నలుగురైదుగురు కలిసి గది తీసుకుని, రోజుకు మూడు నాలుగు ఇళ్లలో గంటల లెక్కన పని పట్టుకున్నారు. ఇంట్లో ఉండి పని చేసినదానికంటే చేతికి ఎక్కువ వచ్చేది, రాత్రి నిద్ర దొరికేది. ప్రతిగా, పాత కఫీల్ పారిపోయిందని కేసు పెడితే అకామా పోతుంది, ఆసుపత్రికి పోవాలన్నా భయమే. కువైట్ 2015లో ఇంటిపనివాళ్ల కోసం 68వ చట్టం తెచ్చి, రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదని, వారానికో సెలవు ఇవ్వాలని రాసింది. మరుసటి ఏడాది కనీస జీతం 60 దినార్లుగా ఖరారైంది. అంతకుముందు దాకా ఆ ఇళ్లలో గంటలకు చట్టంలో హద్దే రాసి లేదన్నమాట.

చట్టానికీ అవసరానికీ మధ్య పుట్టిందే ఆజాద్ వీసా. ఏ కాగితంలోనూ ఆ పేరుతో వీసా లేదు. కఫీల్ పేరుకు ఉంటాడు, అతని దగ్గర పనేమీ ఉండదు. ఏడాదికింత డబ్బు అతనికి కట్టి, బయట ఎక్కడ దొరికితే అక్కడ పని చేసుకుంటారు. మేస్త్రీలకు, ఎలక్ట్రీషియన్లకు, ప్లంబర్లకు ఇది అనుకూలంగా కనిపించింది. పొద్దున ఒకచోట, సాయంత్రం మరోచోట. తనిఖీలు మొదలైతే మాత్రం ముందు దొరికేది వీళ్లే. దుబాయి, షార్జాలున్న ఎమిరేట్స్ 1996, 2003, 2007లో క్షమాభిక్ష ప్రకటించి, కాగితాల్లేనివాళ్లను శిక్ష లేకుండా వెళ్లిపొమ్మంది. 2007లోనే, తన వీసా మీద లేని మనిషిని పనిలో పెట్టుకుంటే 50,000 దిర్హాములు జరిమానా అని చట్టం మార్చింది. ఆ దెబ్బకు చిన్న దుకాణాలు, విల్లాలు పార్ట్ టైం మనుషులను రాత్రికి రాత్రి మాన్పించాయి. 2013లో సౌదీ గడువు పెట్టి నవంబరు నుంచి తనిఖీలకు దిగినప్పుడు, ఇదే కథ ఇంకా పెద్ద ఎత్తున నడిచింది.

రెండో పనిని చట్టం గుర్తించడం ఆ తర్వాతే వేగం పుంజుకుంది. బహ్రెయిన్ 2017లో ఫ్లెక్సీ పర్మిట్ తెచ్చింది. కఫీల్ లేకుండా కార్మికుడే ఫీజు కట్టి ఎవరి దగ్గరైనా పని చేసుకునే వీలు కల్పించింది. ఐదేళ్లు నడిచాక 2022లో దాన్ని ఎత్తేసి వేరే ఏర్పాటు పెట్టారు. ఎమిరేట్స్ 2018లో మొదటి యజమాని అనుమతి అడగకుండానే రెండో ఉద్యోగం చేసుకునే పార్ట్ టైం కాంట్రాక్టును ప్రకటించింది. అయితే అప్పట్లో అది డిగ్రీ గానీ సాంకేతిక డిప్లొమా గానీ ఉన్నవాళ్లకే. ఇక్కడే బాధ కలుగుతుంది. కార్లు కడిగే నాతూర్‌కు, కత్తెర పట్టే హెల్పరుకు ఆ కాగితం ఎక్కడి నుంచి వచ్చేది?

కువైట్ 2024 జనవరిలో ఇంకో అడుగు వేసింది. ప్రభుత్వ యాప్ సాహెల్‌లో దరఖాస్తు చేసుకుని, నెలకు 5 దినార్లు, మూడు నెలలకు 10, ఆరు నెలలకు 20, ఏడాదికి 30 కడితే మరో యజమాని దగ్గర రోజుకు నాలుగు గంటల దాకా పని చేయవచ్చు. ఆర్టికల్ 20 వీసాల వాళ్లు ఆర్టికల్ 18కి మారే అవకాశం కూడా అదే ఏడాది జులై 14 నుంచి సెప్టెంబరు 12 దాకా ఇచ్చింది. దానికి కఫీల్ ఒప్పుకోవాలి, పైగా 50 దినార్ల ఫీజు. రోజుకు నాలుగు గంటల హద్దు నుంచి కాంట్రాక్టింగ్ రంగానికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. భవనాలు కట్టే, రోడ్లు వేసే కూలీలు ఉండేది ఆ రంగంలోనే. కరీంనగర్, కడప పల్లెల నుంచి వడ్డీకి అప్పు తెచ్చి వెళ్లినవాళ్లలో చాలామంది చేరేదీ అందులోకే. గల్ఫ్ ప్రభుత్వాలతో భారత ప్రభుత్వం కార్మిక ఒప్పందాలకు కూర్చున్నప్పుడు, కనీస వేతనంతో పాటు ఈ నాలుగు గంటల సంగతీ బల్ల మీద పెట్టాలి.